అంబలి కుండ చప్పుడు

మొన్న ఆదివారం పక్కింటి పిల్లలు మా వరండాలో కూర్చుని ఫోనులో పాత బొమ్మల సినిమా చూస్తున్నారు. నేను లోపల చాటలో కందిపప్పు పోసుకుని రాళ్ళు ఏరుతున్నాను. తెర నాకు కనబడదు, చప్పుడు మాత్రం వినబడుతుంది. ఒక ఇత్తడి గిన్నె పై నుంచి దొర్లి, ఎవరి నెత్తినో పడి, నేల మీద ఆగేముందు కాసేపు వణికింది. పిల్లలు నవ్వారు. నా చెయ్యి పప్పులో ఆగిపోయింది.

ఆ గిన్నె నాకు తెలుసు. అది పడేది ఎలుగుబంటి నెత్తిన. పడ్డాక మూడుసార్లు వణుకుతుంది. ఆ మూడింటిలో రెండో వణుకును కోసి తీసి, దాన్ని డప్పు చేసింది ఆమె. వికారాబాద్ నుంచి తాండూరు దాకా ఎన్ని పెళ్ళి ఊరేగింపుల్లో ఆ గిన్నె మోగిందో, దాని కింద ఎంతమంది ఎగిరారో, ఎవరికీ అది గిన్నె అని తెలియదు.

ఆమె పోయి ఈ ఆషాఢానికి ఏడాది నిండుతుంది. పేరు రాయను. తన గొంతు ఎక్కడా నిలవ ఉండకూడదని అంత పట్టుదలగా బతికిన మనిషి పేరు అచ్చులో పెడితే ఆమెకు నచ్చదు. నా దగ్గర ఆమె ఫోటోలు రెండున్నాయి, గొంతు ఒక్కటీ లేదు. కొన్ని నెలల పాటు నేను వెతికింది ఆ గొంతు కోసమే.

నేను లెక్కల టీచరుగా పనిచేసి రిటైరైన మనిషిని. ఉండేది వికారాబాద్‌లో. మా చెల్లెలిది తాండూరు. చెల్లెలి కూతురి పెళ్ళయిన రెండు నెలలకు వీడియో వచ్చింది. అందరం కూర్చుని చూశాం. నా ఎడమ మోకాలు పూర్తిగా వంగదు, కనుక నేను పందిట్లో ఆచితూచి నడుస్తాను. ఆ వీడియోలో నేను అడుగు వేసినప్పుడల్లా ఎవరో తీగ మీటినట్టు 'టుంగ్' మని ఒక చప్పుడు. బొమ్మల సినిమాలో దొంగ మునివేళ్ళ మీద నడిచేటప్పుడు వస్తుందే, అదే. బంధువులు పడీపడీ నవ్వారు. మా చెల్లెలు కొంగు నోట్లో కుక్కుకుంది. నేను నవ్వలేదు. రిమోట్ అడిగి తీసుకుని, వీడియో మళ్ళీ మొదటి నుంచి పెట్టి, ఎన్ని చోట్ల ఆ పని చేశారో చూసుకున్నాను. మంగళవారం పొద్దున రైలెక్కి తాండూరు వెళ్ళాను.

వీడియో మిక్సింగ్ షాపు బజారు మలుపులో ఉంది. తాండూరులో ఏ షాపుకు వెళ్ళినా బండల పాలిషింగ్ దుమ్ము సన్నగా అన్నిటి మీదా ఉంటుంది. అక్కడ కౌంటర్ అద్దం మీద కూడా ఉంది. యజమానిని అందరూ సేటు అంటారు. విషయం చెప్పగానే ఆయన చేతులు జేబులో పెట్టుకున్నాడు.

"నేను కెమెరా వరకే టీచరమ్మా. చప్పుళ్ళన్ని ఆమెవి. లోపలున్నది, ఆమెనే తిట్టుండ్రి."

వెనక గదిలో కంప్యూటర్ ముందు నలభై దాటిన ఒక స్త్రీ కూర్చుని ఉంది. హెడ్‌ఫోన్ ఒక చెవికే ఉంది, రెండోది చెవి వెనక్కి తోసి ఉంది. తెర మీద తువ్వాల కప్పి ఉంది. నేను నోరు తెరిచేలోగా లేచి, మూలనున్న మట్టి రంజన్లోంచి స్టీలు గ్లాసు నిండా నీళ్ళు ముంచి ఇచ్చింది.

"ముందుగాల నీళ్ళు తాగుండ్రి."

"నేను నీళ్ళ కోసం రాలేదు."

"తాగినంక తిట్టుండ్రి. గొంతు మంచిగుంటది."

ఆమె గొంతు విని ఒక్క క్షణం వెనక్కి చూశాను, మగవాళ్ళెవరైనా మాట్లాడారేమోనని. అంత బొంగురు, అంత పెద్దది. నీళ్ళు తాగాను. తాగి, గ్లాసు కింద పెట్టి, "పదకొండు చోట్ల పెట్టావు" అన్నాను.

"పన్నెండు. బువ్వల కాడ ఒకటి మీకు దొరకలే."

నాకు ఒళ్ళు మండింది. కుంటి కాలును ఎగతాళి చేయడం ఏం సంస్కారమని అడిగాను. ఆమె తువ్వాల తీసి, మా వీడియో తెరిచి, ఒక కుర్చీ నా వైపు జరిపింది.

"ఎగతాళి గాదు. సూడుండ్రి. ఎవ్వరి నడకకైన చప్పుడు పెట్టాల్నంటె కొయ్యాలె, అతికియ్యాలె, జరపాలె. మీది ఏం జరపలే. ఒక్కసారి మొదలువెట్టి వదిలేసిన, పందిరి ఆ కొసదాంక అదే పోయింది. కుంటుతోని గూడ తాళం తప్పలే మీరు. పెండ్లిల అందరు నడిసిండ్రు, తాళంల నడిసింది మీరొక్కరే."

తెర మీద నేను పందిరి దాటుతున్నాను. అడుగు, తీగ. అడుగు, తీగ. నా జన్మలో నా నడకను మెచ్చుకున్నవాళ్ళు ఎవరూ లేరు.

"తీసెయ్యాల్నా?" అంది.

"ఆ పన్నెండోది చూపించు" అన్నాను.

అలా మొదలైంది. ఆ తర్వాత చెల్లెలి ఇంటికి వెళ్ళిన ప్రతిసారీ ఆ షాపులో దిగి వెళ్ళేదాన్ని. కొన్నాళ్ళకు షాపుకు వెళ్ళి, తీరిక ఉంటే చెల్లెలి ఇంటికి వెళ్ళడం అయింది. మూడోసారికి ఆమె నన్ను 'నువ్వు' అంది. నాకంటే పాతికేళ్ళు చిన్నది. నేను 'బిడ్డా' అనడం ఎప్పుడు మొదలుపెట్టానో మాత్రం నాకు గుర్తు లేదు.

ఆమెది దోమ అనే ఊళ్ళో గొర్రెల కాపరుల ఇల్లు. పెళ్ళి, ఆ పెళ్ళి చెడటం, తాండూరు రావడం గురించి ఆమె నాకు చెప్పింది నాలుగు మాటలు. నేను రాసేదీ అంతే. షాపులో పెళ్ళి వీడియోలు మిక్స్ చేసేది. సేటు దగ్గర పిల్లల కోసం ఎవరో కొనగా మిగిలిపోయిన పాత బొమ్మల సినిమాల సీడీలు ఒక అట్టపెట్టె నిండా ఉండేవి. పెళ్ళిలో తమాషా ఘట్టాలకు చప్పుళ్ళు కావాలని వాటిని తెరిచింది. తెరిచాక మూయలేదు.

ఆ సినిమాలను ఆమె ఎప్పుడూ చూడలేదు. వినేది. తువ్వాల అందుకే.

"బొమ్మ సూస్తె చెవు పనిచెయ్యది టీచరమ్మా. నవ్వొస్తది. నవ్వితె చప్పుడు పోతది."

వింటూ వింటూ ఎక్కడో చెయ్యెత్తి ఆపేది. బాతు ఐసు మీద జారడం, చలికి పళ్ళు కొట్టుకోవడం, కొండ అంచు నుంచి ఎవరో పడిపోతుంటే పైనుంచి కిందికి దిగే ఈల, నిద్రపోయే కుక్క గురక. వాటిని ఒక్కొక్కటి కోసి దాచేది. కుక్క గురకను నాలుగింతలు నెమ్మది చేస్తే గుండెల్లో మోగే పెద్ద స్పీకరు బాక్సు చప్పుడయ్యింది. పళ్ళు కొట్టుకోవడం గజ్జెలయ్యింది. ఇత్తడి గిన్నె డప్పయింది. ఇవన్నీ పేర్చి డీజే బండ్ల మీద పెట్టుకునే ముక్కలు తయారుచేసేది. రీమిక్స్ అంటారు అందరూ. ఆమె 'ముక్క' అనేది. ముక్కలో పాట ఉండదు, మాట ఉండదు. బయటి చప్పుడు ఒక్కటి కూడా చేర్చకూడదని ఆమె నియమం. కంప్యూటర్లో డప్పులు ఎన్నో సిద్ధంగా ఉన్నాయి కదా అని ఒకసారి సేటు అన్నాడు.

"ఉన్నయ్. గవి ఎక్కడి నుంచి పడ్డయో నాకు తెల్వది. గిన్నె ఎక్కడి నుంచి పడ్డదో తెలుసు" అంది.

"ఎలుగుబంటి నెత్తి ఏమైందో గూడ తెలుసా?" అన్నాడు సేటు.

"బొప్పి కట్టింది. నీకు సూపియ్యాల్నా?"

నాకు ఒక సందేహం ఉండేది. ఎన్నో ఏళ్ళ కింద ఎక్కడో గీసిన బొమ్మల చప్పుళ్ళు తాండూరు వాళ్ళ ఎగురుడుకు ఇంత చక్కగా ఎలా అతుకుతున్నాయని. సినిమాలో సెకనుకు ఇరవై నాలుగు బొమ్మలు కదులుతాయని నాకు ఎప్పుడో చదివిన గుర్తు. ఒకరోజు కాగితం తీసుకుని లెక్క వేశాను. పన్నెండు బొమ్మలకు ఒక అడుగు వేయిస్తే సెకనుకు రెండడుగులు, నిమిషానికి నూట ఇరవై. ఆమె ముక్కలు ఎంత వేగమని అడిగాను. నూట ఇరవై. ఆ రోజుల్లో గీసేవాళ్ళు ముందే తాళం కట్టుకుని, తాళానికి తగ్గట్టు బొమ్మలు గీశారన్నమాట. నేను చాలా సంతోషంగా చెప్పాను. ఆమె శ్రద్ధగా విన్నది.

"గట్లనా. నేను అవి ఊకె నడుస్తున్నయనుకున్న" అంది. కాగితం వైపు చూసి, "అయితె ఆ గీసినోళ్ళల్ల గూడ నీలాంటి టీచరమ్మ ఒకామె ఉండె కావచ్చు" అంది. నా జీవితంలో నాకు వచ్చిన పొగడ్తల్లో ఇది రెండోది, రెండూ ఆమెవే.

డీజే బండ్లవాళ్ళు మొదట్లో ఆమె ముక్కలు తీసుకోలేదు. సేడం వైపు నుంచి వచ్చే ఒకాయన కన్నడంలో విసుక్కునేవాడు, తెలుగులో తిట్టేవాడు. "పాట లేదు గదమ్మా దీంట్ల. జనం ఏం పాడుకోవాలె?" అని.

"పాడుకునెటోళ్ళు ఇంట్ల పాడుకుంటరు. నీ బండి ముంగట ఎగురుతరు. ఎగిరెటోనికి పాటెందుకు?"

చివరికి వినాయక నిమజ్జనం నాడు, వేరే పాటల పెన్‌డ్రైవ్ పనిచేయకపోతే, గత్యంతరం లేక ఆమెది పెట్టాడు. ఆ మధ్యాహ్నం నేను షాపు మెట్ల మీద ఆమె పక్కన నిలబడి ఉన్నాను. పాలిషింగ్ యూనిట్లలో పనిచేసేవాళ్ళు ఒక పెద్ద గుంపుగా వచ్చారు. మోకాళ్ళ దాకా తెల్లటి బండ దుమ్ము. మొదట ఇదేం చప్పుడని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గిన్నె పడింది. మళ్ళీ పడింది. గురక మొదలయ్యాక మెట్ల మీద ఉన్న మా చెప్పుల కింద నేల కదిలింది. వాళ్ళు ఎగరడం మొదలుపెట్టారు.

ఆమె ఎవరి మొహమూ చూడటం లేదు. తల వంచుకుని కాళ్ళనే చూస్తోంది.

"మొకాలు సూస్తె ఏం తెల్వది. అందరు నవ్వుతనే ఉంటరు" అంది నా చెవిలో. "కాళ్ళు సూడు."

ముక్కలో కొండ మీది నుంచి పడే ఈల వచ్చింది. పైనుంచి కిందికి జారుతూ జారుతూ. ఎవరూ చెప్పలేదు, ఎవరికీ ఆ సినిమా తెలియదు. గుంపు గుంపంతా ఈలతో పాటు నెమ్మదిగా కిందికి వంగి, నేల మీద గొంతుక్కూర్చుంది. దుమ్ము కాళ్ళు, చేతులు, అన్నీ నేలకు ఆనాయి. ఆ పైన ఒక్క క్షణం నిశ్శబ్దం. గిన్నె. అందరూ ఒక్కసారే లేచారు.

"సూసినవా? అందరు పడ్డరు" అంది. నా మణికట్టు గట్టిగా పట్టుకుని ఉంది. ఆ పట్టు గుర్తు సాయంత్రం రైల్లో కూడా చేతి మీద కనబడింది.

ఆ రోజు నుంచి ఆమె ముక్కలకు గిరాకీ పెరిగింది. కానీ పెన్‌డ్రైవ్ మీద పేరు రాయించలేదు. ముక్క మొదట్లో ఫలానా వాళ్ళ మిక్స్ అని గొంతుతో చెప్పుకోవడం ఆ పనిలో అందరి అలవాటు. ఆమె ఒప్పుకోలేదు. ఫోనులో కూడా మాట్లాడేది కాదు. చిన్నప్పటి నుంచి గుట్టల మీద గొర్రెలను కేకేసి కేకేసి ఆమె గొంతు అలా అయింది. ఫోనులో ఎవరైనా "ఏమన్నా, బాగున్నవా అన్నా" అనేవాళ్ళు. ఒకడైతే, "అక్కకు ఫోన్ ఇయ్యన్నా" అని వాదించాడు.

"ఎందుకొచ్చిన పరేషాన్. రాసి పంపిత" అనేది. నాకు రోజూ రాసి పంపేది. గొంతు ఒక్కసారి కూడా పంపలేదు. నేనూ అడగలేదు. ఎదురుగా ఉన్న మనిషి గొంతు దాచుకోవాలని ఎవరికి తోస్తుంది?

పెద్ద ముక్క ఒకటి ఆమె చాలా నెలలు చేసింది. అదే సినిమా, ఎలుగుబంటిది. అందులో ఎలుగుబంటి అంబలి కాస్తుంది. ఆ కుండ ఉడికే చప్పుడు ఆమెకు కావాలి. కానీ ఆ చప్పుడు మీద వెనక నుంచి ఫిడేలు ఒకటి సాగుతూ ఉంటుంది. ఎప్పుడు వెళ్ళినా అదే గొడవ.

"ఫిడేలు అంటుకున్నది టీచరమ్మా. ఒలిస్తె కుండ చప్పుడు గూడ ఊడి వస్తున్నది."

"ఇంకో కుండ వెతుక్కోరాదూ?"

"చప్పుడు దొరికితె సాలది. దాని జాగ దొరకాలె. గీ జాగల గీ కుండే కూసుంటది."

సీతాఫలాల రోజుల్లో ఒకసారి వికారాబాద్ స్టేషన్ ముందు బుట్ట కొనుక్కుని వెళ్ళాను. నన్ను చూడగానే నీళ్ళ గ్లాసు చేతికిచ్చి, "కుండ ఉడుకుతున్నది" అంది. ముక్క వినిపించింది. మొదట ఏమీ ఉండదు. తర్వాత కుండ. బుడబుడమని, తెరలు తెరలుగా, లోపలి నుంచి పిలుస్తున్నట్టు. చాలాసేపు అదొక్కటే. ఆ పైన గిన్నె పడుతుంది, మిగతావన్నీ వస్తాయి, ప్రతి మలుపులోనూ మళ్ళీ కుండ ఒక్కటే మిగులుతుంది. నాలుగు నిమిషాల ముక్క. నేను వినడం అయ్యాక బాగుందని చెప్పాను. ఏది బాగుందో కూడా చెప్పాను, ఊరికే బాగుందంటే ఆమె ఊరుకోదు.

సీతాఫలం గింజలు అరచేతిలో ఊసుకుంటూ, "ఒక సంగతి" అంది. "గిండ్ల ఒక్క చప్పుడు బొమ్మలది గాదు. నాది."

"నియమం తప్పావా?"

"తప్పిన."

"ఏది?"

"చెప్ప. ఇన్నేండ్లు పోరగాండ్లతోని లెక్కలు చేపిచ్చినవు గద. పట్టు సూద్దాం."

"పట్టలేకపోతే?"

"నీతోని గాదంటె నేనే చెప్త. ఫికర్ చెయ్యకు."

నేను అప్పుడే ఓడిపోయానని చెప్పి ఉండవలసింది. చెప్పలేదు. ఆషాఢంలో ఆమెకు జ్వరం వచ్చింది. నాలుగు రోజులు. ఐదో రోజు ఆమె అన్న కూతురి ఫోను నుంచి నాకు కబురు వచ్చింది. ఫోను మోగగానే నేను, ఆమె కోలుకుని చేయించిందనుకున్నాను. ఆ పిల్ల ఏడుస్తూ అసలు సంగతి చెప్పింది. దోమలోనే మట్టి చేశారు, నేనూ వెళ్ళాను.

ఇంటికి వచ్చాక ఫోను తెరిచి చూశాను. ఆమె నుంచి వచ్చిన కబుర్లు వందల్లో ఉన్నాయి, అన్నీ రాతలే. ఫోటోలు రెండు. మిగిలింది ఒక్క ముక్క. నాలుగు నిమిషాలు. అందులో ఎక్కడో ఆమె ఉంది.

నేను నాకు తెలిసిన పద్ధతిలోనే వెతికాను. ఆమె నా ఎదురుగా కోసిన చప్పుళ్ళు కొట్టేసుకుంటూ పోయాను. గిన్నె, గురక, పళ్ళు, ఈల, బాతు జారుడు. కుండ సంగతి ఆమే చెప్పింది, ఉడుకుతోందని. దాన్నీ కొట్టేశాను. చివరకు ఒకటి మిగిలింది. ముక్క సగంలో, అన్నీ ఆగినప్పుడు, ఎవరో గట్టిగా ఎక్కిళ్ళు పెడతారు. ఒక్కసారే. బొంగురుగా. ఇది ఏ బొమ్మదో నాకు తెలియదు. బొంగురు గొంతు, ఒక్క చప్పుడు. లెక్క సరిపోయింది.

అది దొరికిన రోజు తలుపు వేసుకుని చాలాసార్లు విన్నాను. తర్వాత ప్రతి రోజూ సాయంత్రం పూజయ్యాక ఒకసారి వినేదాన్ని. ఎక్కిళ్ళు వస్తే ఎవరో తలచుకుంటున్నారంటారు కదా, ఆమె దాన్నే పెట్టిందని కూడా అనుకున్నాను.

దీపావళి దాటాక తాండూరు వెళ్ళినప్పుడు సేటుకు చెప్పాను. వినిపించాను. ఆయన విని, తల పక్కకు తిప్పుకున్నాడు.

"ఎట్ల చెప్పాలె టీచరమ్మా" అన్నాడు. "గది గాడిద."

"ఏమిటి?"

"గాడిద. సబ్బు ముక్క మింగుతది. దాని ఎక్కిళ్ళు." లోపలికి వెళ్ళి, అట్టపెట్టెలోంచి సీడీ తీసి, పెట్టి చూపించాడు. గాడిదే. నోట్లోంచి బుడగలు వస్తున్నాయి.

నెలల తరబడి ఒక గాడిద ఎక్కిళ్ళు విని కళ్ళు తుడుచుకున్నాను. సేటు ముందు నవ్వు ఆపుకోలేకపోయాను. ఆయనా నవ్వాడు. నవ్వి నవ్వి, ఇద్దరం ఒకేసారి వెనక గది వైపు చూశాం. "ఉంటె ఎంత నవ్వు" అన్నాడు. తెర మీద తువ్వాల అలాగే ఉంది. రంజన్ పక్కన స్టీలు గ్లాసు బోర్లించి ఉంది.

ఆ తర్వాత ముక్క వినడం మానేశాను. లెక్క తప్పినందుకు కాదు. దాంట్లో ఆమె ఉందని తెలిసి, పక్క నుంచి వెళ్ళిపోతున్నానన్న బాధకు.

మాఘంలో ఆమె అన్న కూతురి పెళ్ళి. కబురు చేసిన ఆ పిల్లే పెళ్ళికూతురు. "అత్త దోస్తువి నువ్వు, రాకుంటె ఊకోను" అని రాసింది. పరిగిలో బస్సు మారి దోమ చేరేసరికి మధ్యాహ్నమైంది. మగపెళ్ళివారు మోమిన్‌పేట్ వైపు వాళ్ళు. సాయంత్రం నాలుగు దాటాక ఇంటి దగ్గర నుంచి ఫంక్షన్ హాలుకు ఊరేగింపు. ముందు డీజే బండి, వెనక కారులో పెళ్ళికూతురు, ఆ వెనక మేం ఆడవాళ్ళం. రోడ్డుకు ఒక పక్క కోసేసిన కంది చేలు. దూరంగా చేలో వాళ్ళ మంద రాలిన ఆకు మేస్తోంది. డీజే చప్పుడుకు బెదురుతాయని ఆమె అన్న పొద్దున్నే దాన్ని అంత దూరం తోలించి, ఒక ముసలాయనను కాపలా పెట్టాడు. ఆ ఏర్పాటు పనిచేసింది. గంటసేపు పాటలు మోగినా మంద వంచిన తల ఎత్తలేదు.

పెళ్ళికూతురు కారు కిటికీ దింపి, "మా అత్తది పెట్టుండ్రి" అని కేకేసింది.

పాట ఆగింది. కాసేపు ఏమీ లేదు. తర్వాత కుండ. నాలుగు పెద్ద బాక్సుల్లోంచి, బుడబుడమని, తెరలు తెరలుగా.

చేలో మంద మొత్తం ఒక్కసారి తల ఎత్తింది.

గిన్నె పడగానే అవి గందరగోళంగా చెదిరాయి. బండి ముందు నడుస్తున్న ఆమె అన్న రెండు చేతులూ పైకెత్తాడు. "ఆపు. ఆపు బే" అని అరిచాడు. అంతా ఆగింది. "మొదటి నుంచి పెట్టు. గా గిన్నె పడకముందే ఆపు."

మళ్ళీ కుండ. ముందు ఒక ముసలి గొర్రె కదిలింది. దాని వెనక మిగతావి. కంది మోళ్ళ మధ్య నుంచి, ముసలాయన కర్ర అడ్డం పెడుతున్నా ఆగకుండా, తోవ చేసుకుంటూ, మంద మందంతా మా వైపు వచ్చేస్తోంది. డీజే బండి నడిపే అతను భయపడి తలుపు వేసుకున్నాడు.

నేను మోకాలు సంగతి మరిచి ముందుకు వెళ్ళాను. "ఇది కుండ ఉడుకుతున్న చప్పుడు కదా నాయనా? సినిమాలోది?" అని అడిగాను.

ఆయన నన్ను వింతగా చూశాడు. "ఏం కుండ టీచరమ్మా? గిది నీళ్ళ పిలుపు. గొర్లను నీళ్ళకు రమ్మని పిలుస్తం. ఒక్కో ఇంటికి ఒక్కో తీరు ఉంటది. మా అమ్మ గిట్ల పిలుస్తుండె. నాకు గింత మంచిగ రాదు." పెదవులు కలిపి గొంతులోంచి గాలి వదిలి చూపించబోయాడు. సగంలో ఆగిపోయింది. "మా సెల్లె నోరు ఇది" అన్నాడు. ఫిడేలు ఒలవలేని ఆ కుండ జాగాలో ఆమె తన గొంతునే కూర్చోబెట్టింది.

గొర్రెలు రోడ్డెక్కాయి. బండి చుట్టూ, కారు చుట్టూ, పట్టుచీరల మధ్య. బాక్సుల వైపు మెడలు సాచి నిలబడ్డాయి. మగపెళ్ళివారిలో ఒక పెద్దమనిషి, "టైమైతున్నది బావా, తోలుండ్రి వాటిని" అన్నాడు.

"తోలరాదు" అన్నాడు ఆమె అన్న. "నీళ్ళ పిలుపు పిలిసి నీళ్ళు పొయ్యకుంటె తప్పు. ఇంకోపారి పిలిస్తె నమ్మవు. మా ఇంట్ల ఇంతవరకు ఉత్తగ పిలవలే."

"పిలిసింది నువ్వా? డబ్బా పిలిసింది."

"నా సెల్లె పిలిసింది" అన్నాడు.

పెళ్ళి నీళ్ళ క్యాన్లు ట్రాలీలో వెనకే వస్తున్నాయి. వంటవాళ్ళ పెద్ద బేసిన్లు కూడా అందులోనే ఉన్నాయి. దింపారు. "ఫిల్టర్ నీళ్ళు తాగుతయా మీ గొర్లు?" అని మోమిన్‌పేట్ కుర్రాడెవడో అన్నాడు. "పెండ్లికి వచ్చినయ్ గద, తాగుతయ్ తియ్" అంది ఒకావిడ. పెళ్ళికూతురు కారు దిగి, గోరింటాకు చేతులతో క్యాను వంచింది. బరువుకు ఒరిగిపోతుంటే నేను రెండో పక్క పట్టుకున్నాను. బేసిన్ నిండింది. ముసలి గొర్రె మూతి పెట్టి తాగుతుంటే దాని గొంతులో కూడా అదే చప్పుడు. ఊరేగింపు ఎంతసేపు ఆగిందో నేను చెప్పలేను. నాకు అలా చెప్పలేని సంగతులు తక్కువ.

చివరి గొర్రె తాగాక ఆమె అన్న బండి వైపు తల ఊపాడు. ఈసారి ముక్క చివరిదాకా మోగింది. మందను తోలుకుపోతున్న ముసలాయన కూడా ఆ దూరం నుంచి ఒక కాలు ఎత్తి తాళం వేశాడు. నేను మొహాలు చూడలేదు, కాళ్ళు చూశాను.

మొన్న పక్కింటి పిల్లలు సినిమా అయిపోయి వెళ్ళాక, పప్పు చాట పక్కన పెట్టి ఆ ముక్క పెట్టాను. మొదట ఏమీ ఉండదు. తర్వాత ఆమె పిలిచింది. లేచి, వంటింట్లోకి వెళ్ళి, కూజాలోంచి గ్లాసు నిండా నీళ్ళు వంచుకుని నిలబడే తాగాను. ఇప్పుడు ఎప్పుడు విన్నా అదే చేస్తాను. గ్లాసు బోర్లించాక వచ్చి కూర్చుంటాను. అప్పుడు గిన్నె పడుతుంది.